ఒక్క నగరము, రెండు ఖజానాలు

అమెరికా సంయుక్త రాష్ట్రముల నడుమ, కాన్సస్ నది మిస్సోరీ నదిలో కలియుచోట కాన్సస్ సిటీ యను మహానగరము కలదు. పేరును బట్టి అది కాన్సస్ రాష్ట్రములోనిదని పాఠకులు తలంపవచ్చును. కాని ఆ పేరుగల పెద్ద పట్టణము మిస్సోరీ రాష్ట్రమునకు చెందినది; 2020 జనాభా లెక్కలలో అందు 5,08,090 మంది యుండిరి. కాన్సస్‌లో నదే పేరుగల చిన్న పట్టణమున 1,56,607 మందియే. చుట్టుపట్ల ఊళ్లతో గూడి, మన జిల్లాల వంటి పదునాలుగు కౌంటీలలో సుమారు 22 లక్షల జనము: మిస్సోరీవైపు రమారమి 13 లక్షలు, కాన్సస్‌వైపు 9 లక్షలు.

1821లో మిస్సోరీ రాష్ట్రమైనప్పుడు, కాన్సస్ నదీముఖము మీదుగా ఉత్తర దక్షిణములుగా నొక గీత నూహించి, అదే పడమటి యెల్ల యనిరి. అప్పటికి పట్టణమే లేదు. పిమ్మట పుట్టిన పట్టణము గీతను లెక్కింపక ఇరువైపుల పెరిగినది. నేడు స్టేట్ లైన్ రోడ్డున కీవలి దుకాణము ఒక సర్కారునకు, ఎదుటి దుకాణము వేరొక సర్కారునకు పన్ను కట్టును. పడమటి వైపున ఒలాథే, ఓవర్‌లాండ్ పార్కులలో మన తెలుగు కుటుంబము లనేకము కలవు. 2017లో ఒలాథేలో హైదరాబాదు కుటుంబమునకు చెందిన ఇంజనీరొకరు జాతిద్వేషమునకు బలియైన వార్త మనవారు మరువలేదు.

ప్రజలిట్లు కలసి బ్రతుకుచుండ, ప్రభుత్వములు చేసిన పనియేమి? తనవైపు వచ్చు సంస్థ ఉద్యోగుల జీతములనుండి పట్టుకొను రాష్ట్రపు పన్నులో నూటికి 95 వంతులు తానే యుంచుకొనవచ్చునని కాన్సస్ ఆశ చూపెను. మిస్సోరీయు ఊరకుండలేదు. ఏ.ఎం.సి. యను సినిమాహాళ్ల సంస్థ మిస్సోరీనుండి కాన్సస్‌లోని లీవుడ్‌కు తరలెను. ఆపిల్‌బీస్ యను భోజనశాలల సంస్థ అటునుండి ఇటు వచ్చెను. గుమాస్తాల బల్లలు గీత దాటినవి, ప్రజాధనము కరగినది. దీనిని అభివృద్ధి యనువారితో మేమేకీభవింపజాలము. వసారాలోని మంచమును నట్టింటికి జరిపి, ఇంటికి చుట్టము వచ్చెనని పండుగ చేసికొన్నట్లున్నది!

2019లో ఉభయులును సంధి చేసికొనిరి. సంతోషించితిమి. కాని 2024 ఏప్రిల్‌లో మిస్సోరీలోని జాక్సన్ కౌంటీ ఓటర్లు క్రీడామైదానములకై పన్ను పొడిగించుటకు నిరాకరింపగా, జూన్‌లోనే కాన్సస్ శాసనసభ, తనవైపు కట్టు మైదానముల వ్యయములో నూటికి 70 వంతులవరకు బాండ్లచే సమకూర్చుటకు చట్టము చేసెను. 2025లో మిస్సోరీయు తన పాట పెంచెను.

జనులకీ దృష్టి లేదనరాదు. 1996లో మిస్సోరీయందలి పాత యూనియన్ స్టేషను భవనమును బాగుచేయుటకై, గీతకావలనున్న జాన్సన్ కౌంటీ ప్రజలును ఓటు వేసి, తమ కొనుగోళ్లపై తామే పన్ను వేసికొనిరి. స్టేషను ఎవరి రాష్ట్రములో నున్నదని వారడుగలేదు. సంస్థ ఎచ్చటినుండి వచ్చుచున్నదో, దానికై ఖజానా యెంత పోవునో ముందుగా ప్రకటించి, గీతకిరువైపుల ప్రజల సమ్మతి గైకొన్న పిమ్మటనే యిట్టి రాయితీ లియ్యవలెనని మేము కోరుచున్నాము.