కంచాల లెక్క సరే, కులం లెక్కేదీ?

మా చేతికి యాప్ ఇచ్చారు. పొద్దున బడికి పోగానే ముందు మా మొహం దానికి చూపించాలి. తర్వాత పిల్లల హాజరు. మధ్యాహ్నం ఎంతమంది తిన్నారో ఎక్కించాలి. ఆంధ్రలో కొన్నాళ్ళు మరుగుదొడ్ల ఫోటోలు కూడా అయ్యవార్లే తీసి పంపారు. ఇదంతా సాంకేతిక విప్లవమట!

ఇప్పుడు వీటి మీద పరిశోధనలు. టీచర్లు టెక్నాలజీ ఎట్లా వాడుతున్నారు? పిల్లల ఆహారపు అలవాట్లేమిటి? ప్రశ్నపత్రాలు పట్టుకుని వస్తారు. "పొద్దున టిఫిన్ మానేసే అలవాటు ఎంతమందికుంది?" అని అడుగుతారు. అయ్యా, అది అలవాటు కాదు. తల్లి తెల్లారకముందే మిరపకోతకు ఆటో ఎక్కిపోయింది, ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఆకలిని అలవాటని రాసుకునే చదువేం చదువు?

మా ఇళ్ళల్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేము. మా చిన్నప్పుడు బడిలో అన్నం లేదు. మధ్యాహ్నం బెల్లు కొడితే బోరింగు నీళ్ళు తాగి చెట్టుకింద కూర్చున్నాం. ఈ అన్నం ఎవరి దయా కాదు. 2001 నవంబరు 28న వండిన భోజనం పెట్టి తీరాలని సుప్రీంకోర్టు చెప్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరికి బడిపొయ్యి వెలిగింది. 2004 ఏప్రిల్ 20న అదే కోర్టు ఇంకోమాట కూడా చెప్పింది. వంటవాళ్ళుగా, సహాయకులుగా దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వమంది. ఈ రెండోమాట ఎంతమంది అధికారులకు గుర్తుంది? వంటవాళ్ళలో ఎస్సీలెందరు, ఎస్టీలెందరు అని పట్టికలు నింపుతారు. ఆమె వండిన అన్నం ఎవరు ముట్టలేదో మాత్రం మేం రోజూ నింపే ఏ గడీ అడగదు.

మేం పరిశోధనకు వ్యతిరేకులం కాము. సుఖదేవ్ థోరట్, జోయెల్ లీ 2005లో అచ్చేసిన అధ్యయనం చూడండి. ఆంధ్రప్రదేశ్‌తో సహా 5 రాష్ట్రాలు, 531 గ్రామాలు. వండేదెవరు? ఊళ్ళో ఏ వీధిలో పెడుతున్నారు? ఎవరిని ఎక్కడ కూర్చోబెడుతున్నారు? ఇవీ అందులో ప్రశ్నలు. అడిగారు కాబట్టే దళిత వంటామెను వద్దనడం, పిల్లల్ని విడిగా కూర్చోబెట్టడం బయటపడ్డాయి.

అది పాతమాట అంటారా? 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లా సుఖీఢాంగ్ బడిలో దళిత స్త్రీ వండిందని పైకులాల పిల్లలు అన్నం ముట్టలేదు. ఆమెను పనిలోంచి తీసేశారు. అప్పుడు దళిత పిల్లలు, పైకులపు ఆమె వండిన కూడు మాకూ వద్దన్నారు. చివరికి ఆమెను మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. ఆ రెండు రోజుల లెక్క యాప్‌లో ఎట్లా పడుతుంది? 'తిననివారు ఇంతమంది' అని! మొదటిరోజు తినకపోవడం అంటరానితనం. రెండోది ఆత్మగౌరవం. మెషీనుకు రెండూ ఒకటే అంకె.

ఇక గుడ్డు సంగతి. 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి అంగన్‌వాడీ పిల్లలకు గుడ్డు పెట్టనన్నాడు. 2022లో కర్ణాటకలో కొత్త విద్యావిధానం కోసం రాసిన ఒక పత్రం బడి భోజనంలో గుడ్డు వద్దంది. మా వాడల్లో గుడ్డు, ఎండుచేప, మాంసం తరతరాల తిండి. కొద్దిమంది అలవాటు అందరికీ ఆరోగ్యసూత్రమైంది, మా అలవాటేమో దురలవాటు! ఇది పోషకాహార శాస్త్రమా, మనుధర్మ శాస్త్రమా?

తప్పు పైవాళ్ళదే అని చేతులు దులుపుకోం. సాటి ఉపాధ్యాయులారా, మనమేం చేస్తున్నాం? పిల్లల కంచాలు ఫోటో తీసి, గదిలోకి పోయి మన క్యారియర్ విప్పుకుంటున్నాం. ఆ వంటామె చేతి అన్నం మనలో ఎంతమంది తింటున్నాం? సాతారా బడిలో పిల్లాడైన బాబాసాహెబ్ కుళాయి ముట్టకూడదు, జవాను తిప్పితేనే నీళ్ళు. అప్పుడూ ఆ బడిలో పంతుళ్ళున్నారు. చూస్తూ ఊరుకున్నారు.

అందుకే అడుగుతున్నాం. 2004 ఆజ్ఞ ప్రతి బడిలో అమలు కావాలి. ఎవరెక్కడ కూర్చుంటున్నారో, ఎవరి చేతి కూడు ఎవరు కాదంటున్నారో విచారించి రాయాలి. ఆ విచారణలో వాడ తల్లులు కూర్చోవాలి. గుడ్డు మీద ఏ మఠం పెత్తనమూ చెల్లదు. అయ్యవారి చేతికి ఫోటోలు తీసే పని తగ్గించి, పలకా బలపం తిరిగివ్వాలి.

అంతవరకు ఒక పని మన చేతిలోనే ఉంది. రేపు మధ్యాహ్నం బెల్లు కొట్టగానే ఫోను జేబులో పెట్టి, పిల్లల బంతిలో కూర్చుని, ఆమె వడ్డించిన అన్నం తిందాం. దానికి ఏ యాపూ అక్కర్లేదు.

జై భీమ్!