నిధి నిక్షేపములు

నడికుడి నుండి మాచర్లకు పోవు రైలుదారి పొడుగునా పల్నాటిసీమయే. మాచర్ల చెన్నకేశవాలయమువలె ఈ సీమ గుళ్లలో శాసనశిలలు కలవు. శాసనములపై సూర్యచంద్రులను, ‘నిధి నిక్షేప’ అను మాటలను చూచి, అడుగున ధనమున్నదని త్రవ్వువారు నేటికిని కలరు. ఇది అత్యాశయే గాక అజ్ఞానము. దానము ఆచంద్రార్కము నిలువవలెననుటకు ఆ బొమ్మలు గుర్తు. నిధి, నిక్షేపము అనునవి దానగ్రహీతకు సంక్రమించు అష్టభోగములలో రెండు హక్కులు.

శాసనములలో విప్పవలసిన ముడి వేరు. ‘రస బాణ నేత్ర చంద్ర’ సంవత్సరమన్నచో వరుసగా 6, 5, 2, 1. చివరినుండి చదువగా శకవర్షము 1256, అనగా క్రీ.శ. 1334 ప్రాంతము. ఉపాధ్యాయులు విద్యార్థులను గుడికి గొనిపోయి ఇట్టి ముడులను విప్పించవలెను. అక్షరము చదువ నేర్చిన బాలుడు రేపు ఆ శిలపై గునపము వేయనీయడు.