వంటింట్లో ఆడిన నాట్యం

ఫిబ్రవరి మొదటి వారంలో తమిళనాడులోని మా హోసూరు చుట్టుపక్కల తోటల్లో నిద్ర ఉండదు. ప్రేమికుల రోజుకు ఇక్కడి గులాబీలు సముద్రాలు దాటి పోవాలి. ‘తాజ్ మహల్’ అనే ఎర్ర రకానికి గిరాకీ ఎక్కువ. విచ్చిన పూవు అంత దూరం నిలవదు కాబట్టి మొగ్గగానే కోసి, చలిగదిలో ఉంచి పంపుతారు. నీళ్లు కట్టి, ముళ్లు గుచ్చుకుంటూ పెంచిన చేతులు ఆ పూవు విచ్చుకోవడాన్ని చూడవు.

ఇదే వారంలో ఫిబ్రవరి 2 వస్తుంది. 1980లో ‘శంకరాభరణం’ విడుదలైన రోజు అది. 2023లో అదే తారీఖున కె. విశ్వనాథ్ కన్నుమూశారు. అందుకని ఈ నెల ఈ పుటను ఆయన తీసిన ఒక ప్రేమకథకు ఇస్తున్నాం. అది 1983 నాటి ‘సాగర సంగమం’.

కలల వెంటపడే కళాకారుల ప్రేమకథ, అదీ పాటలతో నిండినది అంటే ఈనాటి కాలేజీ పిల్లలకు గుర్తొచ్చేది ‘లా లా లాండ్’. డేమియన్ షాజెల్ 2016లో తీసిన ఆ సినిమా 14 ఆస్కార్ నామినేషన్లు పొంది 6 గెలుచుకుంది. నటి కావాలనుకునే అమ్మాయి, జాజ్ సంగీతం కోసం సొంత క్లబ్బు పెట్టాలనుకునే అబ్బాయి. చివరికి ఇద్దరి కలలూ పండుతాయి, ఇద్దరూ విడిపోతారు. ఆమె భర్తతో కలిసి అతని క్లబ్బులో అడుగుపెట్టిన ఆ రాత్రి, అతని పియానో మీద వాళ్లు బతకని బతుకంతా ఒక్కసారి కళ్లముందు తిరుగుతుంది. మంచి సినిమా. చూసినప్పుడు నా గొంతుకా పట్టేసింది. కానీ అది కల నెరవేరినవాళ్ల దుఃఖం. నెరవేరనివాడి మాటేమిటని అడిగినవాడు విశ్వనాథ్. ఆయన సినిమాలోని నర్తకుడు బాలకృష్ణకు వేదికా దక్కదు, ప్రేమించిన మాధవీ దక్కదు.

‘సాగర సంగమం’ను నేను మొదట తెలుగులో చూడలేదు. ‘సలంగై ఒలి’ అన్న పేరుతో తమిళంలో చూశాను. మాలాంటి ఊళ్లలో ఇది వింతేమీ కాదు. అంగట్లో తమిళం, బెంగుళూరు బస్సెక్కితే కన్నడం, ఇంటికొస్తే తెలుగు. బాలకృష్ణగా కమల్ హాసన్ తమిళంలోనే మాట్లాడుతున్నాడు, పాటలూ తమిళంలోనే సాగుతున్నాయి. అంతలో ఆ పెళ్లింటి ఘట్టం వచ్చింది. బాలకృష్ణ అందరికీ బాలు. అతని తల్లి వంటమనిషి, పెళ్లి వంటకు వచ్చింది. బయట పందిట్లో నర్తకి మంజుభార్గవి త్యాగరాజ కృతికి నర్తిస్తోంది. లోపల పొయ్యిలు, గుండిగలు, కూరగాయల బుట్టల మధ్య, ఎవరూ చూడడం లేదనుకుని, ఈ వంటమనిషి కొడుకు అదే పాటకు ఆడుతున్నాడు. త్యాగరాజు కీర్తనకు తమిళం కట్టేదెవరు? దాన్ని ఉన్నదున్నట్టే ఉంచారు. అంతసేపూ తమిళం విన్న హాల్లో ఉన్నట్టుండి మా ఇంటి మాట వినిపించింది.

ఆ రోజు నాకు అర్థమైంది ఒక్కటే, వాడు మా వంటింట్లోనే ఆడుతున్నాడని. హోసూరులో, డెంకణికోటలో, వేపనపల్లిలో, బాగలూరులో తెలుగు బతుకుతున్నది అక్కడే. రాగిముద్ద కెలికేటప్పుడు, పిల్లను తిట్టేటప్పుడు, చచ్చినవాళ్లను తలచుకుని ఏడ్చేటప్పుడు. పందిట్లోకి రాని భాష అది. అయినా తాళం తప్పకుండా ఆడుతూనే ఉంది.

వంటింటి నాట్యాన్ని కూడా ఒకరు చూశారు. మాధవి చేతిలో కెమెరా ఉంది. అఖిల భారత నృత్యోత్సవం ఆహ్వానపత్రికను ఆమె అతని చేతికిచ్చే ఘట్టం ఎన్నిసార్లు చూసినా పాతబడదు. పెద్దపెద్ద నర్తకుల బొమ్మలకు మొక్కుతూ ఒక్కో పుట తిప్పుతూ పోతాడు. చివరికి ఒక పుటలో తన బొమ్మే ఉంటుంది. ప్రేమించానని ఆమె నోటితో చెప్పదు. ‘నిన్ను చూశాను’ అని మాత్రం ఆ కాగితం చెబుతుంది. అంతకు మించిన ప్రేమలేఖ తెలుగు సినిమాలో నాకు కనబడలేదు. ఆ వేదిక ఎక్కకముందే అతని తల్లి పోతుంది. మాధవి భర్త తిరిగి వస్తే బాలే ఆమెను సాగనంపుతాడు.

తర్వాతి బాలు తాగుబోతు. పత్రికలకు నాట్య విమర్శలు రాసి పొట్ట పోసుకుంటాడు. శైలజ అనే అమ్మాయి ఆడింది తప్పని రాసినందుకు గొడవైతే, ఆ ఒక్క చరణాన్నే మూడు నాట్య సంప్రదాయాల్లో వేరువేరుగా ఆడి చూపిస్తాడు. కోపంతో మొదలైన ఆ నాట్యం, చూస్తుండగానే పాఠంగా మారిపోతుంది. శైలజ మాధవి కూతురని అతనికి తర్వాతగానీ తెలియదు. ఆ పిల్లకే విద్య అప్పగించి, ఆమె ఆడుతుండగా కళ్లు మూస్తాడు. చప్పట్లకు అడ్డం రాకుండా స్నేహితుడు రఘు అతన్ని మెల్లగా బయటికి తీసుకుపోతాడు.

చాలామంది దీన్ని భగ్నప్రేమ కథ అంటారు. నేనొప్పుకోను. బాలును తాగుబోతును చేసింది వేదిక దక్కకపోవడం కాదు, మాధవి దూరం కావడం ఒక్కటే కూడా కాదు. చేతిలో ఉన్న విద్యను ఎవరి చేతిలో పెట్టాలో తెలియకపోవడం. మా వైపు వీధినాటకం అయ్యవార్లను చూసినవాళ్లకు ఈ బాధ కొత్త కాదు. అట్ట ఊడిన నోటుపుస్తకాన్ని పాత గుడ్డలో చుట్టి దూలం మీద దాచుకున్న ముసలాయన, తనకు పేరు రావాలని ఎన్నడూ అడగడు. ‘నేర్చుకునే పిల్లగాడు ఒకడుంటే చూడు నాయనా’ అంటాడు, అంతే.

ఈ సినిమా పుట్టుకలోనే ఆ అప్పగింత ఉంది. ఇందులో పాడినందుకు జాతీయ పురస్కారం పొందిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తమిళనాడు సరిహద్దులోని కోనేటమ్మపేటలో 1946లో పుట్టారు. తండ్రి సాంబమూర్తి హరికథకులు. తెరమీద శైలజగా ఆడింది బాలసుబ్రహ్మణ్యం చెల్లెలు ఎస్.పి. శైలజే. సంగీతానికి జాతీయ పురస్కారం పొందిన ఇళయరాజాది పణ్ణైపురం, నాయకుడిది పరమక్కుడి. తెలుగువాళ్ల నాట్యకథను ఇద్దరు తమిళులు భుజాన మోశారు. సరిహద్దు ఊరివాళ్లం, ఈ రుణాన్ని మేం తలచుకోకపోతే ఇంకెవరు తలచుకుంటారు? తంజావూరు దగ్గరి మెలట్టూరులో నేటికీ ఏటా నరసింహ జయంతికి మెలట్టూరు వెంకటరామశాస్త్రి తెలుగు నాటకాలు ఆడుతున్నారు. ఉద్యోగాలకని వేరే ఊళ్లకు పోయినవాళ్లు సైతం ఆ రోజులకు తిరిగొచ్చి వేషం కడతారు. తండ్రి విడిచిన వేషాన్ని కొడుకు అందుకుంటాడు.

మా దగ్గర ఆ అందుకోవడం కష్టమైంది. 2006 నాటి తమిళనాడు చట్టంతో బడుల్లో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. ఏటా ఒక తరగతి చొప్పున పైకి పోయి 2016కు పదో తరగతిని చేరింది. తమిళం నేర్చుకోవద్దని మేమెన్నడూ అనలేదు, అనం. అది మాకు అన్నం పెడుతున్న భాష. దాని పక్కన తెలుగుకూ ఒక పీట వేయమని అడుగుతున్నాం. పీట లేకపోయినా పిల్లలు ఊరుకోవడం లేదు, దానికి మా చేతిలో సాక్ష్యం ఉంది.

పోయిన నెల డెంకణికోట వైపు నుంచి ఒక కథ వచ్చింది. రాసింది కాలేజీ చదివే అమ్మాయి. భాష తెలుగు, లిపి తమిళం. తెలుగు అక్షరాలు ఆమెకు ఎవరూ నేర్పలేదు. మా గదిలో నలుగురం కూర్చుని పైకి చదువుకుంటూ, ఒకరు తెలుగులోకి ఎత్తి రాశాం. తమిళంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం, త, ద లకూ అంతే. నోటికి తెలిసిన మాటైతే కంటికి అడ్డం లేదు. ఒకచోట మాత్రం ఆగిపోయాం. అవ్వ నెత్తిన పెట్టుకుని గట్టు మీద నడిచిపోతోంది. నెత్తిన ఉన్నది కంపా, గంపా? పొయ్యిలోకి ముళ్లకంప మోసుకొచ్చే అవ్వలూ మాకు తెలుసు, గంప మోసే అవ్వలూ తెలుసు. వాక్యం రెంటికీ ఒదుగుతోంది. ఫోను చేసి అడిగాం.

‘గంపే సార్. చేన్లోవాళ్లకు ముద్దలు తీసకపోతా ఉంది’ అంది.

కథ ఈ సంచికలోనే ఉంది, ఎడమ పుటలో ఆమె రాసిన అక్షరాల్లో, కుడి పుటలో మనవాటిలో.