గని నేర్పిన లెక్క

గత మాసం బంధువుల ఇంట నికాహ్ నిమిత్తం గోదావరిఖని వెళ్ళవలసి వచ్చింది. వలీమా మరునాటి రాత్రి కావడంతో పగలంతా తీరిక లభించింది. మాకు ఆతిథ్యమిచ్చిన పెద్దాయన సింగరేణిలో పని చేసి విశ్రాంతి పొందినవారు. "మౌలానా సాబ్, రోజూ మీరు పాఠం చెప్తరు. ఇయ్యాల మా బొగ్గుబాయి పాఠం వినుండ్రి" అంటూ, సందర్శకులకు చూపే భూగర్భ గనికీ, ప్రదర్శనశాలకూ మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్ళారు.

సింగరేణి చరిత్ర మన హైదరాబాదు చరిత్రలో భాగమే. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది. 1889లో ఇల్లెందులో ఉత్పత్తి మొదలైంది. 1920లో ఆ సంస్థ సింగరేణి పేరు ధరించింది. 1945లో నిజాం ప్రభుత్వం దానిలోని అత్యధిక వాటాలను కొనుగోలు చేసింది.

ప్రదర్శనశాలలో రెండు వస్తువులు నన్ను నిలబెట్టాయి. ఒకటి రక్షణ దీపం. 1815లో హంఫ్రీ డేవీ రూపొందించిన ఈ దీపంలో మంటచుట్టూ సన్నని తీగల వల ఉంటుంది. గనిలో ప్రమాదకర వాయువు చేరితే జ్వాల రూపం మారి హెచ్చరిస్తుంది. రెండవది తట్టా, చెమ్మస్. యంత్రాలు రాకముందు కార్మికులు బొగ్గును తట్టల కెత్తి, మోసుకెళ్ళి టబ్బులు నింపేవారు. నింపిన టబ్బులను బట్టే కూలి.

తలకు టోపీ, దానికి దీపం తగిలించుకుని ఏటవాలు దారిలో దిగాము. పెద్దాయన చేతికర్రతో పైకప్పును తట్టి చూపారు. గట్టి రాయి ఒక విధంగా మ్రోగుతుంది, లోపల విడిపోయిన రాయి డొల్లగా పలుకుతుంది. "పైకప్పు మాట్లాడుతది సాబ్. వినే చెవి గావాలె" అన్నారు. 2003 జూన్‌లో గోదావరిఖనిలోనే ఒక గనిలోకి నీరు ముంచుకువచ్చి 17 మంది కార్మికులు మరణించిన సంగతి చెబుతూ ఆయన కంఠం తగ్గింది. అనంతరం అందరమూ ఒక్క నిమిషం దీపాలు ఆర్పివేశాము. చేతిని కళ్ళ ముందుకు తెచ్చుకున్నా కనిపించలేదు.

ఆ చీకటిలో నాకు ఒక హదీసు గుర్తుకు వచ్చింది. ఏటా విద్యార్థులకు నేను బోధించేదే. బండరాయి దొర్లి మూసుకుపోయిన గుహలో ముగ్గురు చిక్కుకుంటారు. ఒక్కొక్కరు తమ జీవితంలో కేవలం అల్లాహ్ ప్రసన్నత కోసం చేసిన ఒక సత్కార్యాన్ని విన్నవించుకుంటారు. మొదటివాడు తల్లిదండ్రుల సేవను, రెండవవాడు దైవభీతితో వ్యభిచారం నుండి తప్పుకోవడాన్ని చెప్పుకుంటారు. మూడవవాడు, తీసుకోకుండా వెళ్ళిపోయిన కూలివాని వేతనాన్ని భద్రపరచి, వృద్ధిచేసి, అతడు తిరిగి వచ్చిననాడు మొత్తం అప్పగించిన సంగతి చెప్పుకుంటాడు. అప్పుడు రాయి పూర్తిగా తొలగుతుంది.

నేనే ఆ గుహలో ఉంటే ఏమి చెప్పుకోగలను? ఈ ప్రశ్నతోపాటే మా మేస్త్రీ ముఖం మనసులో మెదిలింది. మా ఇంటి మెట్లు బాగుచేసిన ఆయనకు మూడు రోజుల కూలి బాకీ. "జుమా తరువాత రండి" అన్నాను. పిదప "ఒకటో తేదీ" అన్నాను. ఒకసారి నేను పాఠంలో ఉండగా వస్తే, రేపు రమ్మని పిల్లవాని చేత చెప్పించాను. నలభై రోజులు గడిచాయి. డబ్బు లేక కాదు, అశ్రద్ధ వల్ల. స్తోమత ఉండీ బాకీ తీర్చక జాప్యం చేయడం దౌర్జన్యమని మహాప్రవక్త (స) హెచ్చరించిన సంగతి నాకు తెలియనిది కాదు. కర్రతో తడితే డొల్లగా పలికినది నా మనస్సే.

హైదరాబాదు చేరిన రాత్రే మేస్త్రీ ఇల్లు వెదుక్కుంటూ వెళ్ళాను. కూలి చేతిలో పెట్టి, ఆలస్యానికి క్షమాపణ కోరాను. ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, "పిల్లల ఫీజు కోసం వడ్డీకి తెచ్చాను మౌలానా. దానికే దిగులు" అన్నారు. నేను తల ఎత్తలేకపోయాను. వడ్డీ హరామని ఎన్నో ప్రసంగాలు చేసిన నేనే ఒక ముస్లిం సోదరుణ్ణి వడ్డీ గుమ్మం ఎక్కించాను. మరునాడు ఆయనతో వెళ్ళి ఆ అప్పు తీర్చి వచ్చాను. డబ్బుతో ఆ బాకీ తీరింది. ఆయన పడిన దిగులుకు అల్లాహ్ సన్నిధిలో ఏమి జవాబు చెప్పాలో ఇంకా తెలియదు.

సోదర సోదరీమణులారా! మన ఇళ్ళలో వెలిగే దీపం వెనుక ఆ చీకటిలోకి దిగిన వారి శ్రమ ఉంది. వారిని మనం చూడలేము. కానీ మన గుమ్మంలోకి వచ్చే పనిమనిషి, దర్జీ, పాలవాడు, పిల్లలకు ఖుర్ఆన్ నేర్పే హాఫిజ్ సాబ్ మనకు కనబడుతూనే ఉన్నారు. చెమట ఆరక మునుపే కూలి చెల్లించాలన్నది మన ప్రవక్త (స) బోధ. రానున్న జుమాకు ముందు భార్యాభర్తలు కూర్చుని ఎవరికి ఎంత ఇవ్వవలసి ఉందో కాగితంపై వ్రాసుకోండి. అడగడానికి సంకోచించేవారి పేరు మొదట వ్రాయండి.

పరుల హక్కు మెడన వేసుకుని సమాధి చీకటిలోకి దిగే దుస్థితి నుండి అల్లాహ్ మనందరినీ కాపాడుగాక! ఆమీన్.