డిటెక్టివ్ మారాడు, దొంగ మారలేదు

నేను పనిచేసిన ఒక బడిలో మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలు డిటెక్టివ్ ఆట ఆడేవాళ్లు. ఒకడు అట్టముక్క మడిచి టోపీ పెట్టుకునేవాడు. ఒకడు అసిస్టెంటు, ఒకడు దొంగ. వారం రోజులు వరండాలోంచి చూశాను. డిటెక్టివ్ రోజుకొకడు మారుతున్నాడు. దొంగ మాత్రం రోజూ మా ఎరుకల పిల్లాడే. "రోజూ నువ్వేనేంట్రా?" అని అడిగాను. "ఎప్పుడూ నేనేనండి మాస్టారూ" అన్నాడు, నవ్వుతూనే. వాడికి అందులో తప్పేమీ కనపడలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మాది కామవరపుకోట. డిటెక్టివ్ కథలంటే గిట్టని మనిషిని కాను. కుర్రతనంలో అద్దె పుస్తకాల షాపు నుంచి కొమ్మూరి సాంబశివరావు నవలలు తెచ్చుకుని దీపం కింద చదివాను. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు మా ఇంటి మనుషుల్లాగే ఉండేవాళ్లు. మల్లాది నవల 'చంటబ్బాయి'ని జంధ్యాల 1986లో సినిమా తీస్తే చిరంజీవి డిటెక్టివ్ వేషానికి పడీపడీ నవ్వాను. 2019లో 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' వస్తే మా అబ్బాయితో కలిసి చూశాను. నా ఫిర్యాదు డిటెక్టివ్ మీద కాదు. అతని వెంట మన ఇళ్లలోకి వచ్చిన ఇంకొకడి మీద. వాడి పేరు 'అనుమానితుడు'.

వీళ్లందరికీ పెద్దన్న షెర్లాక్ హోమ్స్. 1887లో పుట్టాడు. రాసిన కోనన్ డాయిల్ విసుగెత్తి 1893లో చంపేస్తే పాఠకులు ఊరుకోలేదు. పదేళ్లకు మళ్లీ బతికించాల్సి వచ్చింది. మొత్తం 4 నవలలు, 56 కథలు. 2012 నాటికి సినిమాల్లో, టీవీల్లో 254 సార్లు కనిపించాడని గిన్నిస్ వాళ్లు లెక్క తేల్చారు. గుర్రబ్బండి దిగి 2010లో బీబీసీ సీరియల్లో సెల్‌ఫోన్ పట్టుకున్నాడు. 2024లో మన శ్రీకాకుళం పేరు తగిలించుకుని 'శ్రీకాకుళం షెర్లాక్ హోమ్స్'గా తెలుగు తెరమీదికీ వచ్చాడు. కాలానికి తగ్గట్టు మారినవాడు కాబట్టే బతికాడు. అందుకు మెచ్చుకుందాం.

కానీ 1890లో వచ్చిన అతని రెండో నవల 'ది సైన్ ఆఫ్ ఫోర్' తెరిచి చూడండి. అందులో టోంగా అనే మనిషి ఉన్నాడు. అండమాన్ ఆదివాసి. విషపు ముల్లు ఊది ఒకణ్ణి చంపుతాడు. హోమ్స్ లేచి అలమరలోంచి గెజిటీర్ తీసి చదువుతాడు: అండమాన్ వాళ్లు కురూపులు, క్రూరులు, మనుషుల్ని తింటారు అని. అంతే, కేసు తేలిపోయింది. సిగరెట్ బూడిద చూస్తే పొగాకు రకం చెప్పే మనిషి, ఒక జాతి మొత్తాన్ని హంతకులంటుంటే రుజువేదీ అని అడగలేదు. చివరికి థేమ్స్ నదిలో టోంగాను కాల్చేస్తారు. నవల మొత్తంలో అతని నోట ఒక్క మాట వినపడదు. అతన్ని వెంట తిప్పుకున్న తెల్ల ఖైదీ మాత్రం, సంతల్లో టోంగాను నరమాంసం తినేవాడని చూపించి, పచ్చి మాంసం తినిపించి డబ్బులు సంపాదించానని చెప్పుకుంటాడు. ఆ చిన్న ముక్కలో అసలు నేరం ఉంది. దాన్ని ఏ డిటెక్టివూ పట్టుకోలేదు.

"ఆ కాలం అలాంటిదండీ, రచయితకు తెలియదు" అంటారు కొందరు తోటి టీచర్లు. అలా అనడానికి లేదు. అండమాన్లో పనిచేసిన ఆంగ్ల అధికారి ఇ.హెచ్. మాన్ ఆ నరమాంసం మాట అబద్ధమని 1880ల మొదట్లోనే రాశాడు. అది లండన్లోనే అచ్చయింది. అండమాన్ వాళ్ల ఆయుధం విల్లూ బాణం. రుజువు వాళ్ల ఊళ్లోనే ఉంది, వెతకలేదు. అసలు చచ్చిందెవరు? 1858లో బ్రిటిష్ వాళ్లు పోర్ట్‌బ్లెయిర్లో దిగేనాటికి వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు 1961 జనాభా లెక్కల్లో 19 మంది మిగిలారు.

ఇదంతా ఎక్కడో సముద్రం అవతలి గొడవ అనుకోకండి. ఆ గెజిటీర్లు రాసిన ప్రభుత్వమే 1871లో నేరస్థ జాతుల చట్టం చేసింది. 1911లో కొత్త చట్టంతో దాన్ని మన మద్రాసు రాష్ట్రానికీ తెచ్చింది. పుట్టుకతోనే దొంగలని ఎరుకల వాళ్ల పేర్లు రిజిస్టరులో ఎక్కించారు. హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే చీటీ కావాలి. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. కాగితం మీద పోయింది. 1991లో ఆ ఊరి పేరు పెట్టి రెండు సినిమాలు వచ్చాయి, ఒకటి పోలీస్ స్టేషన్ అని, ఒకటి దొంగలు అని. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది. హీరోను పొగిడారు, నిజమే. పొగిడింది కూడా దొంగగానే. ఆ ఊళ్లో చదువుకుని ఉద్యోగాలు చేస్తున్న వాళ్లమీద సినిమా ఎవరు తీశారు? హోమ్స్ చేతికి సెల్‌ఫోన్ ఇచ్చిన కాలం మన చేతికి 1871 నాటి రిజిస్టరే ఇచ్చింది.

"కథే కదా" అంటారు. కథే అయితే బళ్లో జామెట్రీ బాక్సు పోయినప్పుడు ముందు ఎవరి సంచి వెతుకుతున్నారో చెప్పండి. కొండరెడ్ల పిల్ల, కోయ పిల్లాడు, యానాది పిల్లాడు, ఎరుకల పిల్లాడు హాస్టల్లో ఏ చూపు మధ్య తిరుగుతున్నారో ఈ పుస్తకం చదివే టీచర్లకు నేను చెప్పక్కర్లేదు.

మరి డిటెక్టివ్ పుస్తకాలు తగలబెడదామా? వద్దు. అతని విద్య మనది. మా నాయనమ్మ ఎరుక చెప్పేది. దేవుడి పేరు, కొండ పేరు చెప్పేది గానీ, ముందు మనిషి చేతులు చూసేది, కాలి పగుళ్లు చూసేది, చీర అంచుకంటిన మట్టి చూసేది. ఎర్రమట్టి అయితే మెట్ట ఊరు, నల్లమట్టి అయితే కొల్లేరు వైపు. అడక్కుండానే ఊరు చెప్పేసేది. హోమ్స్ మొదటిసారి వాట్సన్‌ని చూడగానే అఫ్ఘానిస్తాన్ నుంచి వచ్చావు కదా అంటే లోకం చప్పట్లు కొట్టింది. మా నాయనమ్మను మాత్రం మూఢనమ్మకం అంది. ఎరుక అంటే తెలివిడి. అడవిలో అడుగుజాడ చూసి ఏ జంతువు ఎప్పుడు వెళ్లిందో చెప్పే కోయ తాత చేసేదీ ఆ పనే.

అందుకే టీచర్లకు నా మాట ఇది. డిటెక్టివ్ కథ చెప్పండి, సినిమా చూపించండి. అయిపోయాక అడగండి: ముందు ఎవర్ని అనుమానించారు, ఏ రుజువుతో? కథలో నోరు లేనిది ఎవరికి? టోంగా మాట్లాడి ఉంటే ఏం చెప్పేవాడో పిల్లలచేత రాయించండి. యువకులకు ఇంకో మాట. మనకొక ఎరుకల నాంచారి డిటెక్టివ్ కావాలి. ఆమెను బయటివాళ్లు రాయరు. మీరే రాయాలి.

మర్నాడు ఆ పిల్లల ఆటలో ఒక్క నియమం మార్చాను. డిటెక్టివ్ మూడు ఆధారాలు చూపించేదాకా ఎవర్నీ దొంగ అనకూడదు. మొదట్లో గోల చేశారు. తర్వాత నేల మీద వంగి అడుగులు కొలవడం మొదలెట్టారు. మా ఎరుకల పిల్లాడు ఆ అట్ట టోపీ ఎప్పుడు పెట్టుకున్నాడో నేను చూడలేదు. ఒకరోజు వాడే నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి "మాస్టారూ, రెండే దొరికాయండి, ఇంకోటి వెతుకుతున్నాను" అన్నాడు.