‘జారీ’కి ‘విడుదల’ పర్యాయపదం కాదు

పరిపాలనా పరిభాష నుండి అన్యదేశ్యాలను తొలగించాలన్న వాదం కొత్తది కాదు. ‘జారీ’ స్థానంలో ‘విడుదల’ను నిలిపినా అర్థానికి లోటు రాదని ఆ వాదులు భావిస్తారు. ‘జీవో విడుదల’ అన్న పత్రికా ప్రయోగం వారికి ఆధారం. అర్థవిచారణలో ఈ అభిప్రాయం నిలవదు.

‘జారీ’ అరబ్బీ మూలకం. పారసీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చింది. మూలార్థం ‘ప్రవహించేది’. తెలుగు ‘జారు’ ధాతువుతో దీనికి ధ్వనిసామ్యమే కాని వ్యుత్పత్తి సంబంధం లేదు. ఉర్దూ, హిందీలలో ‘కొనసాగుతున్న’ అన్న అర్థం కూడా దీనికి ఉంది. తెలుగు ఆ అర్థాన్ని విడిచి, పదాన్ని ప్రధానంగా అధికార పత్రాలకే కేటాయించుకున్నది. సమన్లు, వారంటు, నోటీసు జారీ అవుతాయి. ఖైదీ, సినిమా, జలాశయపు నీరు విడుదలవుతాయి. విడుదలలో ప్రధానం నిర్బంధం తొలగడం; జారీలో ప్రధానం అధికారస్థానం నుండి ఉద్దిష్టుని వైపు సాగడం.

ఈ భేదం నిఘంటువుకే పరిమితమైనది కాదు. దస్త్రంపై మంత్రి రాసిన నిర్ణయం, రాజ్యాంగం నిర్దేశించిన రూపంలో వ్యక్తమై సంబంధిత వ్యక్తికి తెలియజేయబడేవరకు ఉత్తర్వు కాజాలదని బచ్చిత్తర్ సింగ్ వ్యాజ్యంలో 1962లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సస్పెన్షన్ ఉత్తర్వు విషయంలో, దానిని ఉద్యోగికి పంపి అధికారి అదుపు దాటితే చాలునని ఖేమీరామ్ వ్యాజ్యంలో 1969లో పేర్కొన్నది. ఆ అదుపు దాటడాన్ని తెలుగులో సూటిగా చెప్పగల పదం ‘జారీ’. పత్రికలకు ప్రతిని ఇవ్వడమూ, ఉద్యోగికి ఉత్తర్వు పంపడమూ ఒకే మాటతో వ్యవహరిస్తే, అతని హక్కు ఏ క్షణాన మారిందో భాష చెప్పలేదు.

పాలన ప్రజలకు అర్థం కావాలన్న ఆశయం నిస్సందేహంగా ఉచితమైనదే. 1966 నాటి అధికార భాషా చట్టానికి ప్రేరణ అదే. అయితే రద్దు, హాజరు, వసూలు, దరఖాస్తు వంటి మాటలు పౌరునికి అపరిచితాలు కావు. ‘జారీ’ కూడా ఆ కోవలోనిదే. అర్థమయ్యే పదాన్ని పుట్టుకను బట్టి బహిష్కరించడం ఆ ఆశయానికే విరుద్ధం. నిర్ణయం, జారీ, అందజేత, అమలు అన్నవి నాలుగు వేర్వేరు దశలు. పరిభాషా నిర్మాతలు చేయవలసినది వీటి హద్దులను స్పష్టపరచడం. వాటిలో ఒకదానిని చెరిపివేయడం కాదు.