చుక్కలున్నవన్నీ శత్రువులు కావు

పోయినేడాది కార్తీకమాసం సంగతి. మా పెరట్లో పన్నెండు వంగ మొక్కలు వేశాను. పూత మొదలైందో లేదో, ఆకులన్నీ జల్లెడలైపోయాయి. పచ్చదనమంతా ఎవరో గీకేసినట్టు పోయి ఈనెలు మాత్రం మిగిలాయి. దగ్గరికెళ్లి చూస్తే ఒంటి నిండా చుక్కలున్న చిన్న పెంకు పురుగులు. మా అమ్మ వీటిని అక్షింతల పురుగులనేది.

సాయంత్రం మావారు వస్తూ వస్తూ ఓ మందు సీసా పట్టుకొచ్చారు. "ఏ పురుగో షాపతను అడిగాడా?" అంటే, "పురుగుమందే కదా, ఏ పురుగైతే ఏంటి?" అన్నారు. నిజం చెప్పొద్దూ, నేనూ అంతకన్నా ఆలోచించలేదు. ముక్కుకి కొంగు చుట్టుకుని కొట్టేశాను. మిగిలింది పారబోయడం దేనికని పక్కనున్న చిక్కుడు పందిరి మీదా కొట్టాను. అక్కడా ఎర్రగా నాలుగు చుక్కల పురుగులు కనిపించాయి మరి!

రెండు వారాలు తిరిగేసరికి చిక్కుడు పూత నిండా పేనుబంక. వంగ మీద మళ్లీ అవే పురుగులు. రోజూ మా వీధిలో కూరలమ్మే పిన్ని గంప దించి, పందిరి వంక చూసి, "చిక్కుడు మీద ఉన్న ఎర్రవి పేనుని తినేవమ్మా. కాపలా కాసే వాటినే చంపుకున్నావా?" అంది. నా మొహం మాడిపోయింది.

అప్పుడే ఆమె చేతులు చూశాను. వేళ్ల సందుల్లో తోలు లేచి ఎర్రగా ఉన్నాయి. ఏమైందంటే, "మొన్న తోటకి మందు కొట్టారు, ఇవాళ తెల్లారే కోశాం. మీకేమో మచ్చ లేని ఆకు, పుచ్చు లేని కాయ కావాల కదమ్మా" అంది నవ్వుతూనే. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. ఎన్నేళ్లుగా ఆమె గంపలో నిగనిగలాడే కాయలే ఏరుకున్నానో!

ఆ రోజే ఆమె నాకు ఆకు తిరగేసి చూడటం నేర్పింది. ఆ తర్వాత నేను చదివి, చూసి తెలుసుకున్నది కూడా కలిపి చెబుతున్నాను.

అక్షింతల పురుగులు రెండు రకాలు. రెండింటినీ మనం ఒకే పేరుతో పిలవడం వల్లే వచ్చింది చిక్కంతా. వంగ, కాకర ఆకుల్ని తినేది రాగి రంగులో ఉంటుంది. ఒంటి మీద సన్నటి నూగు ఉండటం వల్ల మెరుపుండదు. ఒక జాతికి 28 చుక్కలు, మరో జాతికి 12. దీని పిల్ల పురుగు పసుపు రంగులో, ఒళ్లంతా ముళ్లతో ఉంటుంది. తల్లీ పిల్లా కూడా ఆకు పచ్చదనాన్ని గీకి తింటాయి. మేలు చేసేదేమో నున్నగా, గాజుపూసలా మెరుస్తుంది. ఎరుపు లేక నారింజ రంగు, కొన్నింటికి ఏడు చుక్కలు, కొన్నింటికి వంకర గీతలు. దీని పిల్ల నల్లగా, పొడుగ్గా, బుల్లి మొసలిలా పాకుతుంది. అది పేనుబంకను తింటుంది తప్ప మీ ఆకు జోలికి రాదు. గుడ్లు మాత్రం రెండూ పసుపే, గుంపుగా నిలబెట్టినట్టే పెడతాయి. అందుకని గుడ్లు కనబడగానే తుంచెయ్యకండి. చుట్టూ పేనుబంక ఉందా, ఆకు గీకినట్టుందా అన్నది చూడండి. అనుమానంగా ఉంటే నాలుగైదు రోజులు ఆగండి, పిల్లలు బయటికొచ్చాక అవే చెబుతాయి ఎవరి పిల్లలో!

ఇక వదిలించుకోవడం. పెరడైనా, మేడ మీద కుండీలైనా పొద్దున్నే ఓ పావుగంట చాలు. చల్లటి పూట పురుగులు మందకొడిగా ఉంటాయి. సబ్బునీళ్ల గిన్నె కింద పట్టి ఆకు మీద తడితే అందులో పడతాయి. ముళ్ల పిల్లలున్న ఆకుల్ని తుంచి అదే నీళ్లలో వేయండి. పిల్ల పురుగులు కొన్ని ఉబ్బి, గోధుమ రంగుకి తిరిగి, కదలకుండా ఆకుకి అంటుకుని ఉంటే వాటి జోలికి పోకండి. చిన్న కందిరీగ జాతి పురుగొకటి వాటి లోపల పెరుగుతోందన్నమాట. అది బయటికొచ్చి మన తరఫున మిగతా వాటి పని చూస్తుంది. ఇంకా ఉధృతంగా ఉంటే లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పు దంచి, గుడ్డలో మూటగట్టి, రాత్రంతా నానబెట్టి, పిండి వడగట్టి, కాస్త సబ్బు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొట్టండి. ఈ ఏడు నేను చేసింది ఇదే. పది ఆకులు పోయాయి. పోతే పోనీండి, కాయలు మాత్రం బాగానే కాశాయి.

"పెరట్లో సరే, ఎకరాల్లో పండించేవాళ్ల సంగతేంటి?" అంటారేమో. ఖమ్మం జిల్లాలో ఉండిన పునుకుల గ్రామం 2000ల మొదట్లోనే పురుగుమందులు మానేసింది. 2004 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మందులు లేని సేద్యాన్ని పల్లె పల్లెకీ తీసుకెళ్లింది ఎవరనుకున్నారు? డ్వాక్రా మహిళా సంఘాలే. అప్పు పుస్తకం రాసుకునే ఆడవాళ్లే పురుగుల్ని గుర్తుపట్టడం నేర్చుకున్నారు. మనకి మాత్రం చేతకాదా?

మందు కొట్టక తప్పదన్న చోట కూడా కనీసం డబ్బా చదవండి. దాని మీద రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపు మహా విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. కొట్టాక ఎన్ని రోజులు కోయకూడదో కూడా రాసి ఉంటుంది. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని 2005లోనే ప్రభుత్వం నిషేధించింది. ఏ పంటకి, ఏ పురుగుకని అడగకుండా సీసా చేతిలో పెట్టే షాపు ఉన్నంత కాలం, అడగకుండా తెచ్చుకునే మనం ఉన్నంత కాలం నిషేధాలు కాగితం మీదే ఉంటాయి.

ఈ వేడి మగవాళ్లకి తగలదా అంటే తగులుతుంది. కానీ కోతకి వెళ్లేది ఎక్కువగా ఆడవాళ్లే, కడిగి తరిగేది మనమే, ముద్ద కలిపి పిల్లల నోట్లో పెట్టేదీ మనమే. అలాంటప్పుడు అడిగే హక్కు మనకి కాక ఇంకెవరికి ఉంటుంది?

నేనిప్పుడు కూరల పిన్ని దగ్గర ఆకుకి రెండు చిల్లులున్న తోటకూర కట్ట అడిగి మరీ తీసుకుంటున్నాను. చిల్లు ఉన్నంత మాత్రాన మందు కొట్టలేదని హామీ ఏం లేదు, నాకు తెలుసు. కానీ నిగనిగే కావాలని నేను పట్టుబట్టడం మానేస్తే, తోటలో ఒక పిచికారీ అయినా తగ్గుతుందేమోనని ఆశ. మొదటిసారి అడిగినప్పుడు పిన్ని నన్ను వింతగా చూసి, "నీకు పిచ్చా అమ్మా?" అంది. రెండో వారం నుంచి నాకోసం విడిగా తీసిపెడుతోంది.

మీరూ రేపు పొద్దున్నే ఒక ఆకు తిరగేసి చూడండి. మందు సంగతి ఆ తర్వాత!